బీపీ గోలీ, సైకిల్ చఢాయి

మా ఖాందాన్‌లో దస్తర్‌ఖాన్ పరిస్తే నమక్‌దానీ పక్కనే బీపీ గోలీల డబ్బా కూడా ఉంటుంది. అబ్బాకి ఉండేది, అమ్మీకి ఉంది, ఆపాకి ఉంది, నాకు నలభై ఆరో ఏట వచ్చింది. జాయ్‌దాద్ పంపకాల్లో ఎన్ని ఝగడాలు వచ్చినా ఈ విరాసత్ మాత్రం అందరికీ సమానంగానే అందింది. పైగా మన ఖానా సంగతి మీకు తెలిసిందే. ఆచార్ లేనిదే ముద్ద దిగదు, పాపడ్ లేని దావత్ ఉండదు, పాయాలో ఇంకాస్త నమక్ చల్లుకోకపోతే మజా రాదు.

మూడేళ్ళ కిందట మా ఇంట్లోకి సైకిళ్ళు వచ్చాయి. తీసుకొచ్చింది ఆపా కొడుకు, నా భాంజా. వాడు పోటీల్లో తొక్కుతాడు. వాడిని చూసి ముందు నేను, తర్వాత మా బామ్మర్ది, ఆ తర్వాత అరవై ఆరేళ్ళ మా ఖాలూ సైకిలెక్కాం. ఆపా రోడ్డు మీదికి రాదు గానీ, ఇంట్లో కదలకుండా నిలబడి ఉండే సైకిల్ ఒకటి కొనుక్కుని రోజూ అరగంట తొక్కుతుంది. మేం ముగ్గురం ఆదివారాలు ఫజర్ కాగానే టోలీచౌకీలో బయల్దేరి, లంగర్‌హౌజ్ మీదుగా గండిపేట చెరువు దాకా పోయి వస్తాం.

నలుగురికీ బీపీ ఉంది, నలుగురివీ వేరువేరు గోలీలు. అన్నీ బీపీ తగ్గించేవే. కానీ పెడల్ మీద కాలు పెట్టాక ఒక్కో గోలీది ఒక్కో మిజాజ్. ఒకటి నబ్జ్‌ని పెరగనివ్వదు, ఒకటి ఒంట్లో పానీ లాగేస్తుంది, ఒకటి ఖాసీ తెస్తుంది, ఇంకొకటి సైకిల్ దిగాక చక్కర్ తెప్పిస్తుంది. ఈ మూడేళ్ళలో ఇంట్లో చూసినవి, డాక్టర్ని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ గోలీ మార్చడం, మానడం నా రాత చూసి చేసే పని కాదు. మీ డాక్టర్‌ని ఏం అడగాలో తెలిస్తే చాలు.

ముందు ఖాలూ సంగతి. ఏడేళ్ళ కిందట ఆయనకు దిల్ కా దౌరా వచ్చి ఒక స్టెంట్ పడింది. అప్పట్నుంచి రోజూ మెటోప్రొలాల్ వేసుకుంటారు. జవానీలో చార్మినార్ నుంచి సికింద్రాబాద్ దాకా సైకిల్ మీదే నౌక్రీకి పోయొచ్చిన మనిషి. ఇప్పటికీ సాఫ్ రోడ్డు మీద మాతో సమానంగా వస్తారు. కాస్త చఢాయి తగిలిందంటే చాలు, వెనకబడిపోతారు. కాళ్ళకి ఇటుకలు కట్టినట్టుంది అంటారు. దుబాయ్‌లో ఉన్న కొడుకు పంపిన గడియారం ఒకటి ఆయన చేతికుంది. అది నబ్జ్ లెక్క చూపిస్తుంది. ఒక ఆదివారం గండిపేట దగ్గర చాయ్ తాగుతూ ఆ గడియారం నా ముందు పెట్టారు.

"దేఖో బేటా, ఎంత జోర్ పెట్టినా 112 దాటదు. 220లోంచి ఉమ్ర్ తీసేస్తే నాది 154 దాకా పోవాలంట. ఈ గోలీ నా దిల్‌ని కట్టేసింది. శనివారం, ఆదివారం గోలీ నక్కో అనుకుంటున్నా. సోమవారం నుంచి మళ్ళీ వేసుకుంటాలే."

నాకు చాయ్ గొంతు దిగలేదు. ఎందుకో చెప్తాను.

మనం జోర్‌గా తొక్కినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. అది గుండె మీదున్న బీటా అనే చిన్న చిన్న తలుపుల్ని తడుతుంది. తట్టినకొద్దీ గుండె వేగం పెంచుతుంది. మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసోప్రొలాల్ లాంటివి ఆ తలుపులకి గడియ పెట్టే గోలీలు. అందుకే వాటిని బీటా బ్లాకర్లు అంటారు. గుండె నొప్పితో బాధపడేవాళ్ళ గుండెకి పని తగ్గించాలని జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త 1960లలో ప్రొప్రనొలాల్ తయారుచేశారు. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అంటే నబ్జ్‌ని పెరగనివ్వకపోవడం ఈ గోలీ చేసే నుక్సాన్ కాదు, దాన్ని చేసిందే అందుకు. దౌరా వచ్చిన గుండెకి అది పహరా కాస్తుంది.

పహరాకి కొంత కీమత్ కట్టాలి. నబ్జ్ పైకి పోదు గనక చఢాయిలో కండరాలకి అందే ఖూన్ ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ ఖూన్ తోసి కొంత సర్దుకుంటుంది గానీ, మొత్తం లోటు పూడదు. అదే చఢాయి, అదే వేగం, అయినా మెహనత్ ఎక్కువైనట్టు అనిపిస్తుంది. ప్రొప్రనొలాల్ లాంటి పాత రకాలు గుండెనొక్కదాన్నే కాదు, ఊపిరితిత్తుల గొట్టాల్నీ, కండరాలు ఇంధనం వాడుకునే పద్ధతినీ తాకుతాయి. అందుకే వాటితో కమ్‌జోరీ ఇంకాస్త ఎక్కువ. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ ఎక్కువగా గుండె వరకే చూసుకుంటాయి. ఒక అజీబ్ సంగతి వినండి. క్రీడల నియమాల్లో బీటా బ్లాకర్లు విలువిద్యకీ, తుపాకీ గురికీ మనా. గుండె నెమ్మదించి చేయి వణకదు గనక గురి కుదురుతుంది. సైకిల్ పోటీల్లో మనా లేదు. అక్కడ వేసుకున్నవాడు ముందుకు పోడు, వెనక్కే పోతాడు!

మరి రెండు రోజులు మానేస్తే ఏమవుతుంది? ఏళ్ళ తరబడి గడియ పెట్టి ఉన్న తలుపులు అడ్రినలిన్ కోసం ఇంకా ఆత్రంగా తయారై ఉంటాయి. గడియ ఒక్కసారిగా తీసేస్తే నబ్జ్, బీపీ రెండూ ఎగిసిపడతాయి. సీనాలో దర్ద్ రావచ్చు, దౌరా కూడా రావచ్చు. స్టెంట్ ఉన్న మనిషి సరిగ్గా ఆ రోజే చఢాయి ఎక్కితే ఇంకేం చెప్పాలి! ఈ గోలీ మానాల్సి వస్తే డాక్టర్ చూస్తుండగా కొన్ని వారాలపాటు కొంచెం కొంచెంగా తగ్గించాలి. శనివారం మానేసి సోమవారం మళ్ళీ మొదలుపెట్టే దవా కాదిది.

ఆ మంగళవారం ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి పోయాం. ఖాలూ కూర్చోగానే "సబ్ ఠీక్ హై సాబ్" అన్నారు. దవాఖానాలో మన పెద్దవాళ్ళు చెప్పేది అదొక్కటే కదా. సైకిల్ సంగతి నేనే ఎత్తాను. ఏడేళ్ళుగా చూస్తున్న ఆ డాక్టర్‌కి ఈయన సైకిల్ తొక్కుతారని అప్పుడే తెలిసింది. గోలీ మాన్పించలేదు. మీ గుండెకి అది జరూరీ అన్నారు. ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించారు, అదీ గోలీ వేసుకున్న రోజునే. ఆ టెస్ట్ చూసి ఖాలూకి ఒక హద్దు చెప్పారు. "154 మీది కాదు ఖాన్ సాబ్. అది గోలీ వేసుకోనివాళ్ళ లెక్క. మీ లెక్క ఇదీ" అని కాగితం మీద వేరే అంకెలు రాసిచ్చారు.

ఆ రోజు డాక్టర్ చెప్పిన ఇంకో కొలత మా అందరికీ పనికొచ్చింది. మాట రావాలి, పాట రాకూడదు. తొక్కుతూ పక్కవాడితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే, కానీ పాడలేకపోతే, మెహనత్ సరిపోయినట్టు. రెండు మాటలకే సాస్ ఆగిపోతుంటే ఎక్కువైనట్టు. స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ దీన్ని అంకెల్లో పెట్టారు. 6 నుంచి 20 దాకా ఉండే కొలబద్ద అది. 6 అంటే కూర్చున్నట్టు, 20 అంటే ఇక మన వల్ల కాదన్నట్టు. మామూలు కసరత్‌కి 11 నుంచి 13 మధ్య చాలు. గోలీ నబ్జ్‌ని ఆపుతుందేమో గానీ, మెహనత్ ఎంతవుతోందో మన ఒంటికి తెలియకుండా చేయలేదు. గడియారం కంటే ఒళ్ళు చెప్పేదే నమ్మకం.

ఖాలూలాగా గుండె జబ్బు లేకుండా, ఒక్క బీపీ కోసమే బీటా బ్లాకర్ వాడేవాళ్ళు కూడా మనలో ఉన్నారు. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట రాసిచ్చిన అటెనొలాల్‌నే వేసుకుంటూ ఉంటారు. అలాంటివాళ్ళు "నేను సైకిల్ తొక్కుతాను, నాకు వేరే రకం కుదురుతుందా?" అని అడగవచ్చు. కుదిరితే డాక్టరే మారుస్తారు. షుగర్ కూడా ఉంటే ఇంకో మాట. షుగర్ పడిపోతున్నప్పుడు వచ్చే చేతుల వణుకునీ, గుండె దడనీ ఈ గోలీ కప్పేస్తుంది. పసీనా మాత్రం పడుతుంది. తొక్కేటప్పుడు ఎలాగూ పసీనా పడుతుంది గనక, జేబులో గ్లూకోజ్ పెట్టుకోవడం, మధ్యలో ఆగి చూసుకోవడం మంచిది.

ఇక బామ్మర్ది. ఆయనది టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపిన గోలీ. రెండోది పేషాబ్ ఎక్కువ చేసి, నమక్‌నీ పానీనీ బయటికి పంపి బీపీ తగ్గిస్తుంది. చలికాలం ఆయనకేం తక్లీఫ్ లేదు. ఏప్రిల్ వచ్చింది. మన హైదరాబాద్ ధూప్ సంగతి తెలుసు కదా, పొద్దున తొమ్మిదికే నెత్తి మాడుతుంది. ఒకవైపు గోలీ పానీ లాగుతోంది, ఇంకోవైపు పసీనా. తిరిగి వచ్చేటప్పుడు ఆయన పిక్కలు పట్టేశాయి, సైకిల్ దిగితే చక్కర్ వచ్చింది. రోడ్డు పక్క చెట్టు నీడలో పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకున్నాం. తర్వాత ఖూన్ పరీక్షలో సోడియం తక్కువని తేలింది. డాక్టర్ పేషాబ్ గోలీ తీసేసి వేరే జోడీ రాశారు.

ఇలాంటప్పుడు మనవాళ్ళు వెంటనే నారియల్ పానీ, అరటిపండు చేతిలో పెడతారు. ఒకటి తాగితే అందరికీ నుక్సాన్ అని కాదు. కానీ పేషాబ్ గోలీ పొటాషియంని బయటికి పంపిస్తే, టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటివి దాన్ని ఒంట్లోనే ఆపుతాయి. గుర్దాలు కమ్‌జోర్‌గా ఉన్నవాళ్ళలో పొటాషియం పెరిగితే గుండె తాళం తప్పుతుంది. బీపీ వాళ్ళ కోసమని అమ్మే తక్కువ సోడియం నమక్ చూశారా? అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. ఈ గోలీలు వాడేవాళ్ళు దాన్ని డాక్టర్‌కి చెప్పకుండా వాడకూడదు. ఓఆర్‌ఎస్ కూడా నమక్ పానీయే. దస్త్‌లకి అది దవా, రోజూ సైకిల్ మీద తాగే షర్బత్ కాదు. మామూలుగా గంటసేపు తొక్కడానికి సాదా పానీ సరిపోతుంది.

ఎండాకాలంలో మేం దారి కూడా మార్చుకున్నాం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద సోలార్ పలకల పైకప్పు ఉంది. ఆ నీడలో తొక్కితే ఒంటి మీద భారం తగ్గుతుంది. బీటా బ్లాకర్ వాడేవాళ్ళకి కూడా ధూప్ మంచిది కాదు. చర్మానికి ఖూన్ తక్కువగా పోయి ఒళ్ళు త్వరగా చల్లబడదు.

రంజాన్ సంగతి ఇక్కడే చెప్పాలి. పేషాబ్ గోలీ సేహ్రీలో వేసుకుని, రోజాతో అసర్ వేళ సైకిలెక్కితే నోట్లోకి ఒక్క చుక్క పానీ లేకుండానే ఒంట్లోది పోతుంది. నెల ముందే డాక్టర్‌ని అడిగి గోలీ వేళ మార్పించుకోవాలి. తొక్కాలనిపిస్తే ఇఫ్తార్ అయి, పానీ తాగి, తిన్నది కాస్త అరిగాక నెమ్మదిగా తొక్కవచ్చు. ఆ నెల వేగం ఫికర్ పెట్టుకోకూడదు.

ఆపా తక్లీఫ్ వేరు. ఆమె గోలీ రామిప్రిల్. నబ్జ్‌ని ఆపదు, తాకత్ తగ్గించదు. కానీ సూఖీ ఖాసీ పట్టుకుంది. సైకిల్ మీద సాస్ పెరిగితే ఖాసీ ఇంకా ఎక్కువ. ఈ రకం గోలీలు వాడేవాళ్ళలో కొంతమందికి ఇలా వస్తుంది. ఇంట్లో ఎవరికీ గోలీ మీద షక్ రాలేదు. అమ్మీ రోజూ జోషాందా కాచి ఇచ్చింది, ములేఠీ ముక్క బుగ్గన పెట్టుకోమంది. ఖాసీ తగ్గకపోగా బీపీ పెరిగింది. ములేఠీ, అదే అతిమధురం, ఎక్కువ రోజులు తీసుకుంటే ఒంట్లో నమక్‌నీ పానీనీ ఆపుతుంది, పొటాషియంని పోగొడుతుంది, బీపీని పెంచుతుంది. జోషాందాలో సాధారణంగా అది ఉంటుంది. మన హకీంల దవాలంటే నాకూ ఇజ్జత్ ఉంది. అయితే ములేఠీ కూడా దవాయే, దానికీ అసర్ ఉంటుంది. డాక్టర్ రామిప్రిల్ తీసేసి టెల్మిసార్టాన్ ఇచ్చారు. కొన్ని వారాల్లో ఖాసీ పోయింది. ఆపా ఇప్పుడు సైకిల్ మీద కూర్చుని ఫోన్‌లో సమ్ధన్‌తో అరగంట మాట్లాడుతుంది. మాట రావాలి అన్న కొలత ఆమెకి పూర్తిగా కుదిరింది!

నావి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్. ఈ రెండూ తొక్కే తాకత్ మీద పెద్దగా చేయి వేయవు. ఆమ్లోడిపిన్ ఖూన్ నాళాల్ని వెడల్పు చేస్తుంది. సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు, మేజోళ్ళ గీత పడటం దాని నిషానీలే. నాకు తక్లీఫ్ వచ్చేది తొక్కేటప్పుడు కాదు, ఆగాక. తొక్కుతున్నంతసేపూ పిక్కలు పంపులాగా ఖూన్‌ని పైకి తోస్తుంటాయి. ఒక్కసారిగా ఆగితే ఆ పంపు ఆగిపోతుంది. కసరత్‌తో నాళాలు ముందే తెరుచుకుని ఉన్నాయి, పైన గోలీ ఇంకాస్త తెరిచింది. ఖూన్ కాళ్ళలోనే నిలబడి కళ్ళకి అంధేరా వస్తుంది. అందుకని చివరి పది నిమిషాలు తేలిక గేర్‌లో మెల్లగా తొక్కి అప్పుడు ఆగుతాను. ఇంటికి రాగానే వేడి నీళ్ళ గుసుల్ చేయను. వేడికి నాళాలు ఇంకా తెరుచుకుంటాయి. దిగిన వెంటనే నమాజ్‌కి నిలబడితే సజ్దా నుంచి లేచేటప్పుడు చక్కర్ రావచ్చు. కాసేపు కూర్చుని, పానీ తాగి, అప్పుడు నిలబడటం మేలు.

తొక్కాక మోకాళ్ళ దర్ద్ అని దుకాణంలో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకునే ఆదత్ మనలో చాలామందికి ఉంది. అవి బీపీని పెంచుతాయి, బీపీ గోలీల పని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్ లాంటిదీ, పేషాబ్ గోలీ, దర్ద్ గోలీ మూడూ కలిసి, ఒంట్లో పానీ కూడా తక్కువైతే గుర్దాలకి ఖత్రా.

ఇంత రాశానని సైకిల్ అంటే డరో పెట్టుకోకండి. సైకిల్ కూడా బీపీ దవాయే. ఒకసారి తొక్కితే ఆ తర్వాత కొన్ని గంటలపాటు బీపీ తక్కువగా ఉంటుంది. బీపీ ఉన్నవాళ్ళు నెలల తరబడి రోజూ కసరత్ చేస్తే పై అంకె 5 నుంచి 8 దాకా తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మామూలు కసరత్. రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు. రెండో ఏడాది నాకు పొద్దున లేవగానే తల తేలిపోతున్నట్టు ఉండేది. ఇంట్లో రాసుకున్న బీపీ లెక్కలు చూసి డాక్టర్ ఆమ్లోడిపిన్ 5 నుంచి 2.5కి తగ్గించారు. ఇన్ని కిలోమీటర్లలో నాకు దక్కిన ఇనామ్ అదే. ఇంట్లో బీపీ చూసుకోవడానికి కూడా పద్ధతి ఉంది. తొక్కి రాగానే, చాయ్ తాగగానే చూడకూడదు. అరగంట ఆగి, ఐదు నిమిషాలు వీపు ఆనించి ఖామోష్‌గా కూర్చుని చూడాలి. 180/110 దాటి ఉంటే ఆ రోజు సైకిల్ వద్దు, డాక్టర్‌కి ఫోన్ చేయాలి. తొక్కుతుండగా సీనాలో దర్ద్, బరువు, ఎడమ చేయి లాగడం, మూర్ఛ వచ్చినట్టు ఉండటం, వీటిలో ఏదొచ్చినా ఆగి దవాఖానాకి పోవాల్సిందే. ఇంటికెళ్ళి చూద్దాం అనుకోవద్దు.

పోటీల్లో తొక్కే బచ్చాలు ఇంట్లో ఉంటే ఒక్క మాట. పేషాబ్ గోలీలు క్రీడల నిషేధ జాబితాలో ఉన్నాయి. వేరే మందుల జాడ కప్పేస్తాయని వాటిని పోటీ ఉన్నా లేకపోయినా అన్నివేళలా మనా చేశారు. చిన్న వయసులో బీపీ వచ్చిన పిల్లలు "నేను పోటీల్లో తొక్కుతాను" అని డాక్టర్‌తో ముందే చెప్పాలి.

ఖాలూ ఇప్పుడు మెటోప్రొలాల్ ఒక్క రోజు కూడా వదలరు. ఆదివారం మాకంటే ఇరవై నిమిషాలు ముందే బయల్దేరి, చఢాయిలో చిన్న గేర్ వేసుకుని, దారిలో కనబడినవాళ్ళకి సలాం చెప్తూ పోతారు. గండిపేటలో మేం దిగేసరికి చాయ్ ఆర్డర్ చేసి ఉంటారు. ఆయన గోలీ మారలేదు, తాకత్ కూడా పెద్దగా మారలేదు. డాక్టర్‌తో నిజం మాట్లాడారు, కొలత మార్చుకున్నారు, అంతే.

మీ ఇంట్లో కూడా సైకిల్ తొక్కే అబ్బానో, చచ్చానో, కసరత్ మొదలుపెట్టిన ఫుప్పూనో ఉంటారు. ఈసారి దవాఖానాకి వాళ్ళతో పాటు మీరూ పోండి. గోలీల పట్టీలన్నీ ఒక థైలీలో వేసుకెళ్ళండి, జోషాందా పొట్లంతో సహా. "సబ్ ఠీక్ హై" అని వాళ్ళు చెప్పడం అయిపోయాక ఈ నాలుగు మాటలు మీరు అడగండి. ఈయన సైకిల్ తొక్కుతారు, ఈ గోలీతో నబ్జ్ ఎంత దాకా పోవచ్చు? ధూప్‌లో, రోజాలో దీన్ని ఎలా వేసుకోవాలి? పొటాషియం, సోడియం, గుర్దాల పరీక్ష ఎప్పుడు చేయించాలి? దర్ద్ వస్తే ఏ గోలీ వేసుకోవచ్చు? ఐదు నిమిషాల పని. అడిగితే చెప్పని డాక్టర్‌ని నేనింకా చూడలేదు.